మీకు తెలుసా? బొరుగుల బట్టీ నుంచి వేంపల్లె బండ దాకా

బొరుగును మళ్ళీ బియ్యపు గింజగా మార్చడం ఎవరి తరమూ కాదు. అయినా బియ్యం బొరుగులు కావడం ప్రధానంగా భౌతిక మార్పే!

వెనక్కి వచ్చేది భౌతిక మార్పు, రానిది రసాయన మార్పు అని బడిలో చదివింది చాలామందికి అలాగే గుర్తుండిపోయింది. పరీక్షలో మార్కులు పడతాయేమో గానీ ఈ లెక్క నిలవదు. పగిలిన కొబ్బరికాయ అతుక్కోదు, అయినా చిప్ప చిప్పే, కొబ్బరి కొబ్బరే. మోటార్ సైకిల్ బ్యాటరీలో జరిగేది అచ్చమైన రసాయన చర్య, దాన్ని మాత్రం ఛార్జింగ్ పెట్టి మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పుతున్నాం. కాబట్టి అడగాల్సింది ఒక్కటే. మార్పు అయ్యాక మిగిలింది పాత పదార్థమేనా, కొత్తదా? కడప జిల్లా వేంపల్లె చుట్టుపక్కల వంటిళ్ళలో, అంగళ్ళలో, గుట్టల మీద ఈ ప్రశ్న వేసి చూస్తే తమాషా జవాబులు వస్తాయి.

ఇసుకలో గింజను ఉబ్బించేది నీరే!

రాయలసీమలో ఉగ్గాని, మిరపకాయ బజ్జి తెలియని వాళ్ళుండరు. ఆ ఉగ్గానికి కావలసిన బొరుగులు బట్టీలో ఎలా తయారవుతాయో చూసినవాళ్ళు మాత్రం తక్కువ. ముందు వడ్లను నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టి మర పట్టిస్తారు. ఆ ఉప్పుడు బియ్యానికి ఉప్పునీళ్ళు పట్టించి, సన్నటి సెగ మీద తిప్పుతూ తేమను ఒక పాకానికి తెస్తారు. ఇంకో పెనంలో ఇసుక కాలుతూ ఉంటుంది, దాదాపు 250 డిగ్రీల వేడి. గుప్పెడు బియ్యం అందులో పడగానే చిటపటమంటూ పైకి లేస్తాయి. పది సెకన్లు గడిచేలోపు జల్లెడలోకి ఎత్తెయ్యాలి, లేకపోతే మాడిపోతాయి.

గింజలో దాగి ఉన్న కాస్త తేమే ఇంత పని చేస్తుంది. నీరు మామూలు గాలి ఒత్తిడిలో ఆవిరైతే సుమారు 1,600 రెట్లు చోటు కావాలంటుంది. గింజలో అంత చోటెక్కడిది? ముందే ఉడికి ఆరిన పిండిపదార్థం ఆ వేడికి మెత్తబడి సాగుతుంది, ఆవిరి దాన్ని లోపలి నుంచి ఉబ్బిస్తుంది, ఆవిరి బయటపడ్డాక అదే పిండి చల్లారి ఆ ఉబ్బిన ఆకారంలోనే బిగుసుకుంటుంది. పచ్చి బియ్యాన్ని అదే ఇసుకలో వేసి చూడండి, వేగి ఎర్రబడతాయి గానీ అంతగా పొంగవు. ఉడికించి ఆరబెట్టడంలోనే ఉంది కిటుకంతా.

మరి ఇందులో కొత్త పదార్థం ఏది? ఏదీ లేదు. నీరు ఆవిరైంది, పిండి అమరిక మారింది. అక్కడక్కడా ఎర్రగా కమిలిన బొరుగు కనబడితే, ఆ ఎరుపు వరకు మాత్రం రసాయన మార్పు.

డబ్బా మూత సరిగా పెట్టకపోతే వానాకాలంలో బొరుగులు మెత్తబడతాయి. పారేయనక్కర్లేదు. గాలిలోని తేమ చేరి పిండి మెత్తబడింది, అంతే. బాండలిలో ఒక నిమిషం వేడి చేస్తే ఆ తేమ పోయి మళ్ళీ కరకరమంటాయి. ఉగ్గాని చేసేటప్పుడు మనం కావాలని చేసేదీ ఇదే మెత్తబరచడం. నీళ్ళలో ముంచి వెంటనే పిండాలి. కాసేపు మరిచిపోయారా, పప్పుల పొడి ఎంత చల్లినా అది ఉగ్గాని కాదు, ముద్ద!

వేంపల్లె కుండ, నెల్లూరు కుండ

పొడి ఎండ ఎక్కువ కాసే ఊళ్ళోనే కుండ నీళ్ళు ఎక్కువ చల్లబడతాయి. ఇది మాట వరసకు చెప్పేది కాదు, లెక్కకు నిలబడే సంగతి. కుండ గోడలోని సన్నటి రంధ్రాల గుండా నీరు పైకి ఊరి ఆవిరవుతుంది, ఆవిరి కావడానికి కావలసిన వేడిని లోపలి నీళ్ళ నుంచే లాక్కుంటుంది. గాలి ఎంత పొడిగా ఉంటే ఈ పని అంత జోరుగా సాగుతుంది. ఎండ 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉన్న రోజున ఇలా ఆవిరి చేసి సుమారు 24 డిగ్రీల దాకా దిగవచ్చు. సముద్రం పక్కన ఎండ 36 డిగ్రీలే, తేమ మాత్రం 65 శాతం ఉందనుకోండి. అక్కడ ఎంత మంచి కుండైనా 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అంటే మే నెలలో వేంపల్లెలో చుట్టానికి ఇచ్చే చెంబెడు నీళ్ళు నెల్లూరులో ఇచ్చేవాటి కంటే చల్లగా ఉండే అవకాశమే ఎక్కువ. ఎండ విషయంలో కడప జిల్లాకు ఆ మాత్రం పరిహారం ఉండాల్సిందే!

దీనికి ఖర్చయ్యే నీళ్ళు కూడా తక్కువే. పది లీటర్లను పది డిగ్రీలు చల్లార్చడానికి లెక్క ప్రకారం సుమారు 170 మిల్లీలీటర్లు, అంటే ఒక గ్లాసుకు కాస్త తక్కువ ఆవిరైతే చాలు. బయటి వేడి కూడా చేరుతూనే ఉంటుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం పోతుంది. కుండ కింద తడి ఇసుక పోయడం, చుట్టూ తడి గోనెపట్టా చుట్టడం ఈ పనికే. పాత కుండ ఎందుకు చల్లబరచదంటే, మన బోరు నీళ్ళలోని సున్నం, లవణాలు ఏళ్ళ తరబడి ఆ రంధ్రాల్లో పేరుకుని వాటిని మూసేస్తాయి. కుండ బయటి పక్క తెల్లటి పొడలు కనబడుతున్నాయంటే కుమ్మరి ఇంటికి వెళ్ళే వేళైందన్నమాట. పెయింటు వేసిన కుండ కొనకండి. చూడ్డానికి బాగుంటుంది, నీళ్ళు మాత్రం చల్లబడవు.

ఒకే బిళ్ళ, రెండు దారులు

పూజ గదిలో డబ్బా మూత వదులుగా ఉంటే కర్పూరం బిళ్ళలు నెల తిరిగేసరికి చిన్నవైపోతాయి. ఎవరూ తీయలేదు, కరగలేదు, తడి కూడా లేదు. ఘనం నేరుగా ఆవిరైంది, దీన్నే ఉత్పతనం అంటారు. బీరువాలో చీరల మధ్య వేసే కలరా ఉండలు కూడా ఇలాగే అరిగిపోతాయి. అది భౌతిక మార్పు. గాలిలో తేలే ఆ వాసన కర్పూరమే.

ఇక గండి వీరాంజనేయస్వామి గుడిలో హారతి పళ్ళెంలో వెలిగేది? ఆ మంటలో రెండూ ఉన్నాయి. మండేది బిళ్ళ కాదు, దాని నుంచి లేచే ఆవిరి. ముందు భౌతిక మార్పు, ఆ వెంటనే దహనం అనే రసాయన మార్పు. పళ్ళేనికి అంటుకునే నల్లటి మసి ఆ రెండోదానికి సాక్ష్యం. డబ్బాలో నాలుగు మిరియాలు వేస్తే కర్పూరం ఎగిరిపోదని ఇళ్ళలో వేస్తుంటారు. వేస్తే నష్టం లేదు గానీ, బిగుతైన మూతను మించిన కాపలా మాత్రం లేదు.

పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, కోవా

పాలు తోడుకోవడం రసాయన మార్పు. బ్యాక్టీరియా పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది, ఆ పులుపుకు పాల మాంసకృత్తులు గడ్డకడతాయి. ఆ పెరుగును కవ్వంతో చిలికి వెన్న తీయడం మాత్రం భౌతిక మార్పు. కొవ్వు మొదటి నుంచీ అందులో సన్నటి బిందువులుగా ఉంది. కవ్వం దెబ్బకు ఆ బిందువుల పైపొర చిరిగి, ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతాయి, అంతే. చల్లటి నీళ్ళు పోస్తే కొవ్వు బిగిసి ముద్ద బాగా కడుతుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం చిలికితే చేతికి జిడ్డే తప్ప వెన్న రాదని పెద్దవాళ్ళు తెల్లవారుజామునే కూర్చునేది ఇందుకే.

వెన్న కాచేటప్పుడు వచ్చే చిటపట శబ్దం అందులోని నీటిది. వెన్నలో ఆరో వంతు దాకా నీరే ఉంటుంది. శబ్దం ఆగిందంటే నీరు పోయింది, నెయ్యి తయారైంది. అంతవరకు భౌతికమే. ఆ కమ్మటి వాసన, అడుగున మిగిలే ఎర్రటి గసి మాత్రం రసాయన మార్పు ఫలితం. చల్లారాక నెయ్యి పూసగా పేరుకోవాలంటే నెమ్మదిగా చల్లారనివ్వాలి. ఫ్రిజ్‌లో పెడితే పూస కట్టేంత సమయం ఉండదు, నున్నగా గడ్డకడుతుంది.

కడప నుంచి రాయచోటి పోయే ఘాట్ రోడ్డులో గువ్వలచెరువు దగ్గర బస్సు ఆగితే పాలకోవా కొనకుండా ఎక్కేవాళ్ళు అరుదు. ఆవు పాలలో వందకు 87 వంతులు నీరు, గేదె పాలలో కాస్త తక్కువ. ఆ నీటిని గంటల తరబడి కలియబెడుతూ ఇగరబెట్టడం భౌతిక మార్పు, కోవాకు ఆ లేత గోధుమ రంగు, రుచి రావడం రసాయన మార్పు. ఈ గువ్వలచెరువు పేరు ఇంకాసేపట్లో రాళ్ళ దగ్గర మళ్ళీ వస్తుంది.

గ్యాస్ బండలో ఉన్నది గ్యాస్ కాదు

14.2 కిలోల బండలో ఉన్నది ఎక్కువ భాగం ద్రవం. మీట తిప్పగానే ఆ ద్రవంలో కొంత వాయువవుతుంది, సుమారు 250 రెట్లు చోటు పెంచుకుని పొయ్యి దాకా వస్తుంది. అంతవరకు భౌతిక మార్పు, మంట మొదలైతే రసాయన మార్పు. హోటళ్ళలో పెద్ద పొయ్యికి తగిలించిన బండ కింది భాగం చెమట పట్టినట్టు తడిగా ఉంటుంది చూడండి. లోపలి ద్రవం ఆవిరవుతూ ఇనుమును చల్లబరిస్తే, బయటి గాలిలోని తేమ దాని మీద చేరి నీరవుతుంది. లోపల ఆవిరి, బయట నీరు, మధ్యలో ఒక ఇనుప రేకు!

బండలో ఎంత మిగిలిందో తెలియాలంటే తడిగుడ్డతో పై నుంచి కిందికి ఒకసారి తుడవండి. ద్రవం ఉన్నంత మేర తడి ఆలస్యంగా ఆరుతుంది, ఖాళీ ఉన్నచోట త్వరగా ఆరిపోతుంది. ఆ గీత దగ్గరే మీ మట్టం. బండ సరిగా రావడం లేదని వేడినీళ్ళలో పెట్టడం, మంట దగ్గరికి జరపడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు.

చౌడులో ఉప్పు

సముద్రం లేని కడప, కర్నూలు, అనంతపురం, బళ్ళారి సీమల్లో ఒకప్పుడు ఊరి నేల నుంచే ఉప్పు తీసేవారు. చౌడు మట్టిని నీళ్ళలో కలిపి, ఆ నీటిని వడగట్టి, ఎండలో ఆరబెడితే ఉప్పు మిగిలేది. ఉప్పర కులం వారి వృత్తి ఇది. కరగడం, వడగట్టడం, ఆవిరి కావడం, స్ఫటికం కట్టడం అన్నీ భౌతిక మార్పులే. మట్టిలో ఉన్న ఉప్పే చేతికొచ్చింది, కొత్తగా పుట్టింది ఏదీ లేదు. ఉప్పు మీద పన్ను వసూలు చేసుకుంటున్న ఇంగ్లీషు ప్రభుత్వానికి ఇది కంటగింపైంది, 19వ శతాబ్దం చివరికల్లా ఈ మట్టి ఉప్పును అణచివేసింది. దండి యాత్రకు ఎంతో ముందే ఈ దత్త మండలాల పేదవాడి ఉప్పు పోయిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఇంకాస్త గట్టిగా చెప్పాలి.

చక్రానికి పట్టా

ఎద్దుల బండి చక్రానికి ఇనుప పట్టాను చక్రం కంటే కాస్త చిన్నగానే చేస్తారు. అయిదడుగుల చక్రం చుట్టుకొలత సుమారు 4.8 మీటర్లు. పట్టాను 500 డిగ్రీలు వేడెక్కిస్తే దాదాపు 29 మిల్లీమీటర్లు సాగుతుంది, చక్రం మీద సులువుగా కూర్చుంటుంది. వెంటనే నీళ్ళు పోస్తే కుంచించుకుపోయి చక్రాన్ని పట్టేస్తుంది, మేకు అవసరం లేదు. పట్టా తాకినచోట చెక్క కమిలి పొగ వస్తుంది చూడండి, ఆ కమలడం మాత్రం రసాయన మార్పు.

ఒకే రాయికి రెండు గతులు

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు తవ్వే సున్నపురాయిని ఉలితో పొర వెంబడి చీలిస్తే మన ఇళ్ళలో పరిచే కడప బండ అవుతుంది. భౌతిక మార్పు. అదే తరహా రాయిని పొడి చేసి, బంకమట్టి వంటివాటితో కలిపి సిమెంటు ఫ్యాక్టరీ కొలిమిలో సుమారు 1,450 డిగ్రీల దగ్గర కాలిస్తే క్లింకర్ అవుతుంది. రసాయన మార్పు. మంగంపేట ముగ్గురాయిని పిండి కొడితే అది ముగ్గురాయి పిండే. నీటి కంటే నాలుగు రెట్లకు పైగా బరువు కాబట్టి చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో కలిపి దింపుతారు. ఎంత మెత్తగా నూరినా గుణం మారకపోవడం కూడా దానికి ఆ గిరాకీ తెచ్చింది.

తుమ్మలపల్లె సంగతి వేరు. అక్కడి గనిలోని యురేనియం తనంతట తానే విచ్ఛిన్నమవుతూ వేరే మూలకాలుగా మారుతూ ఉంటుంది. అది భౌతికమూ కాదు, రసాయనమూ కాదు. కేంద్రక మార్పు అనే మూడో రకం, వేంపల్లె పక్క మండలంలోనే.

వేంపల్లె పేరు మోసే రాయి

ప్రపంచంలో భూగర్భ శాస్త్రం చదివినవాళ్ళు కడప రాళ్ళ గురించి రాసేటప్పుడు మన ఊరి పేరు రాయక తప్పదు. 1872లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రచురించిన గ్రంథంలో విలియం కింగ్ కడప, కర్నూలు రాతి పొరలను వరస పెట్టి వర్ణించాడు. అన్నిటికంటే అడుగున ఉన్న రెండు పొరలకు రెండు ఊళ్ళ పేర్లు పెట్టాడు. ఒకటి గులిచెరు, అంటే మన కోవా గువ్వలచెరువే. దాని పైది వేంపల్లె. ఈ రెంటినీ కలిపి పిలిచే వర్గానికి నది పేరు, పాపఘ్ని. ఇప్పటికీ ఆ పేర్లే వాడుకలో ఉన్నాయి.

వేంపల్లె పొర వయసు 190 కోట్ల ఏళ్ళకు అటూ ఇటూ. అప్పుడు ఇక్కడ ఉన్నది లోతులేని సముద్రం. ఒడ్డున బురద, అలలు వచ్చిపోతుండేవి. నీరు వెనక్కి తగ్గి ఎండ కాసినప్పుడు ఆ బురద ఆరి నెర్రెలు బారింది. ఇప్పుడు నల్లరేగడి చేలల్లో ఏప్రిల్ వచ్చేసరికి కాలు దిగేంత నెర్రెలు ఎలా విడుస్తాయో అలాగే, కాకపోతే సన్నగా. బంకమట్టి నుంచి నీరు ఆవిరైతే మట్టి కుంచించుకుపోతుంది, అన్ని వైపులా లాగి పలకలు పలకలుగా చీలుతుంది. శుద్ధ భౌతిక మార్పు. ఆ నెర్రెల్లో కొత్త బురద నిండి, దాని మీద పొరలు పడి రాయిగా మారినందువల్ల ఆ నాటి చీలికలు ఇప్పటికీ వేంపల్లె పొర పలకల మీద కనిపిస్తాయి. పక్కనే అలల ముడతలు కూడా ఉంటాయి. అరచేతితో తడిమితే గట్లు తగులుతాయి. కొన్నిచోట్ల గోపురాల ఆకారంలో ఒకదాని మీద ఒకటి పేరుకున్న సన్నటి పొరలు కనబడతాయి. అవి స్ట్రొమాటోలైట్లు, కంటికి కనబడని సూక్ష్మజీవుల చాపలు బురదను పట్టి కట్టుకున్న గూళ్ళు. వెన్నెముక ఉన్న జీవి అనేదే భూమి మీద లేని కాలమది.

ఆ తర్వాత భూగర్భం నుంచి కరిగిన శిల ఈ పొరల మధ్యకు చొరబడి చల్లారింది. పులివెందుల దగ్గరి అలాంటి నల్లరాతి వయసును శాస్త్రవేత్తలు సుమారు 188 కోట్ల 50 లక్షల ఏళ్ళుగా తేల్చారు. ద్రవం ఘనం కావడమే ఇది, నెయ్యి పేరుకోవడానికీ దీనికీ సూత్రం ఒకటే. అయితే ఆ వేడికి, నీటికి పక్క పొరల్లోని డోలమైటు రాయి ఊరుకోలేదు. అది కొత్త ఖనిజమైంది. పులివెందుల చుట్టూ ఒకప్పుడు తవ్విన తెల్లటి నార లాంటి రాతినార, అదే ఆస్బెస్టాస్, అలా పుట్టిందే. చల్లారిన రాయిది భౌతిక మార్పు, దాన్ని తాకిన రాయిది రసాయన మార్పు. ఈ రెంటికీ మధ్య హద్దును గనుల్లో చేత్తో చూపించవచ్చు. ఆ నార దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ దాకా పోతుంది కాబట్టి పాత గనుల దగ్గర ఆ రాయిని నలపడం, దులపడం చేయకండి.

వేంపల్లె, వేముల, పులివెందుల బడుల సైన్సు అయ్యవార్లకు ఒక మాట. ఎనిమిదో తరగతి పిల్లలను ఈసారి గుట్ట దగ్గరికి తీసుకెళ్ళి ఆ నెర్రెల పలకను చూపించండి, ఫోటో తీయించండి. పలకను మాత్రం అక్కడి నుంచి పెకలించనివ్వకండి.